ఇల్లు కట్టించుకొను రైతునకు ఏ విధమైన గుత్త మేలు?



ధాన్యము అమ్ముడై పైకము చేతికి వచ్చిన పిమ్మట, వేసవి దినములలో మన గ్రామములయందు ఇండ్ల పనులు ఆరంభమగుట వాడుక. రైతు తన జీవితకాలములో ఒకమారు, మహా అయిన రెండుమార్లు ఇల్లు కట్టించును. విత్తనము విషయమునను, ఎరువు విషయమునను ఏటేట నేర్చుకొని దిద్దుకొనుటకు వీలున్నది. ఒక పంట చెడినను మరు పంటకు సవరించుకొనవచ్చును. ఇంటి విషయమున అట్టి అవకాశము లేదు. పది పదునైదు సంవత్సరములు కూడబెట్టిన సొమ్మును, దానిపై తెచ్చిన అప్పును ఒక్క సంవత్సరములో ఇటుకలుగను, ఇనుముగను మార్చుచున్నాము.

ఇంతటి పనిలో గదుల అమరికను గూర్చియు, సింహద్వారపు దిక్కును గూర్చియు నెలల తరబడి యోచించువారు, పనిని ఎవరికి ఏ పద్ధతిని ఒప్పగించవలెనను సంగతిని మాత్రము ఒక పూటలో, నోటిమాటతో తేల్చివేయుచున్నారు. సగము గోడలతో నిలిచిపోయిన ఇంటిని చూచినప్పుడు యజమానునకు పైకము చాలలేదని అనుకొందుము. ఆ పైకము చాలకపోవుటకు మూలము అనేక పర్యాయములు గుత్త పద్ధతియందే ఉండును. కావున ఈ పాఠములో ఇల్లు కట్టించుటకు గల గుత్త విధములను, ఒక్కొక్కదాని గుణదోషములను, ఎవరికి ఏది తగునో ఆ వివరమును తెలిసికొందము.

1. పొలములో తెలిసిన సూత్రమే

వరికోతకు దినకూలిపై పిలిచినవారు నెమ్మదిగా కోయుదురు, కాని మొదలంట కోసి, వెన్ను రాలకుండ పన వేయుదురు. ఎకరమునకు ఇంతయని గుత్తకు ఒప్పుకొన్న ముఠా పనిని త్వరగా ముగించును, కాని మోళ్లు ఎత్తుగా మిగులును, గింజ రాలును. ఇందు కూలీల దోషము లేదు. దినమునకు కూలి ఇచ్చినచో దినములు పెరుగును, ఎకరమునకు ఇచ్చినచో ఎకరములు పెరుగును. మనము దేనికి పైకమిత్తుమో అదియే పెరుగును.

కౌలు విషయమున రెండవ సూత్రము కలదు. మక్తాకు ఇచ్చిన భూమిలో పంట పోయిన నష్టము కౌలుదారునిది. పాలుకిచ్చిన భూమిలో నష్టము ఇరువురిది. సొంత సేద్యములో నష్టమంతయు మనది. మక్తాదారుడు ఆ నష్టభయమును ముందుగనే లెక్కగట్టి మక్తాను నిర్ణయించును.

ఇంటి గుత్తలయందును ఈ రెండు ప్రశ్నలే ముఖ్యములు. మొదటిది: పనివాడు ఏది పెంచినచో అతనికి లాభము? రెండవది: ధరలు పెరిగినను, పునాదిలో నీరు పడినను, పని పాడైనను ఆ నష్టము ఎవరిది? ఏ గుత్తనైనను ఈ రెండు ప్రశ్నలతో పరీక్షింపవచ్చును.

2. గుత్త విధములు

(అ) దినకూలి. సామాను మనమే కొని, మేస్త్రికిని కూలీలకును దినమునకు ఇంతయని ఇచ్చు పద్ధతి. పని నాణ్యముగ నుండును, ఎప్పుడు కావలసిన అప్పుడు మార్పులు చేసికొనవచ్చును. కాని పని ఎన్నాళ్లకు ముగియునో, మొత్తము ఎంతయగునో ఎవరును చెప్పజాలరు. పశువుల కొట్టము, ప్రహరీ మరమ్మతు, పాత మిద్దె బాగుచేయుట మొదలగు చిన్న పనులకును, ముందుగా కొలవ వీలుకాని పనులకును ఇది తగును. పూర్తి ఇంటికి తగదు.

(ఆ) కూలి గుత్త. సామాను మనది, పనితనము మేస్త్రిది. చదరపు అడుగునకు ఇంతయని కూలి నిర్ణయింతురు. మన గ్రామములలో మిక్కిలి వాడుకలో నున్న పద్ధతి ఇదియే. సిమెంటు ఏ కంపెనీదో, ఇనుము ఎట్టిదో మన కంటితో చూచి కొందుము కావున సామానులో మోసమునకు తావు తక్కువ. ఒక్క కుటుంబపు విడి ఇంటికి కేవలము కూలి గుత్తపై చేయు నూతన నిర్మాణమునకు 2017 లో జీఎస్టీ వచ్చినప్పటినుండి ఆ పన్ను మినహాయింపు కలదు. ఇది కూడ కొంత ఆదాయే.

దోషములు రెండు. సామాను వృథా అయినను మేస్త్రికి నష్టము లేదు. తడిసిన సిమెంటు బస్తాయు, ముక్కలుగా కోసిన ఇనుమును మన ఖాతాలోనివి. మరియు పని త్వరగా సాగుటయే అతనికి లాభము కావున, కాంక్రీటు సులువుగ జారుటకు నీరు ఎక్కువ పోయించును. నీరు ఎక్కువైన కాంక్రీటు బలము తగ్గును. కావున ఇంటివారిలో ఒకరు ప్రతిదినము పనియొద్ద నుండగలిగిన యెడలనే కూలి గుత్త మేలు. నాట్లకాలములో యజమానుడు పొలమునందును, మేస్త్రి ఇంటియొద్దను ఉండునెడల ఈ పద్ధతి చేటు.

(ఇ) సామానుతో కూడిన మొత్తపు గుత్త. ప్లానును చూచి, సామానుతో సహా ఇంటికంతకు ఒక మొత్తము గాని, చదరపు అడుగునకు ఇంతయని గాని నిర్ణయించు పద్ధతి. ధర పెరిగినచో నష్టము కంట్రాక్టరుది. అప్పు తెచ్చి కట్టువారికి, చేతిలోని పైకమునకు మించి ఒక్క రూపాయియు పుట్టనివారికి ఇది ధైర్యమిచ్చు పద్ధతి.

కాని ఇందు తగ్గించిన ప్రతి రూపాయి కంట్రాక్టరు లాభము. కాగితముపై వ్రాయనిదంతయు చౌకరకముగ వచ్చును. సెంట్రింగు రేకులు అద్దెవి కావున, వానిని త్వరగా విప్పి మరియొక ఇంటికి చేర్చుట అతనికి లాభము, మన శ్లాబునకు చేటు. ఏ మార్పు కోరినను అది అదనపు పనియగును, అదనపు పనికి అతడు చెప్పినదే ధర. కావున ప్లాను, సామాను జాబితా సంపూర్ణముగ సిద్ధమైన పిమ్మటనే ఈ గుత్తకు ఒప్పుకొనవలెను.

(ఈ) కొలతల గుత్త. మట్టి త్రవ్వకమునకు ఘనపుటడుగునకు ఇంత, ఇటుక కట్టుబడికి ఇంత, గిలాబాకు చదరపు అడుగునకు ఇంత అని పనివారీగా ధరలు నిర్ణయించి, చేసిన పనిని కొలిచి పైకమిచ్చు పద్ధతి. ప్రభుత్వపు పనులు పెక్కు ఈ పద్ధతిని జరుగును. కొలతలు వేయు విధమును గూర్చి భారతీయ ప్రమాణముల సంస్థ వారి ఐ.ఎస్. 1200 అను ప్రమాణము కలదు. చేసిన పనికే పైకము, చేయనిదానికి లేదు. ఇది న్యాయమైన పద్ధతి, కాని కొలతల పుస్తకము వ్రాయగల ఇంజనీరో ఓవర్సీయరో కావలెను. చివరి మొత్తము ముందుగా అంచనాయే గాని నిశ్చయము కాదు.

(ఉ) ఖర్చుపై శాతము. కంట్రాక్టరు సామాను కొని పని చేయించి, ఖర్చు లెక్కలు చూపి, దానిపై నూటికి ఇంతయని తన భాగము తీసికొను పద్ధతి. పట్టణములలో వాడుక యెక్కువ. దీని దోషము లెక్కలోనే తెలియును. నూటికి పది చొప్పున ఒప్పుకొన్నామనుకొందము. ఖర్చు 15 లక్షలైన అతని భాగము లక్షన్నర. ఖర్చు 18 లక్షలైన అతని భాగము లక్ష ఎనుబది వేలు. మనకు మూడు లక్షలు నష్టమైనప్పుడు అతనికి ముప్పది వేలు లాభము! ఈ పద్ధతినే కోరువారు శాతమునకు మారుగ స్థిరమైన మొత్తమును అతని ప్రతిఫలముగ వ్రాయించుకొని, ఖర్చునకు ఒక గరిష్ఠ హద్దు పెట్టి, హద్దునకు లోపల మిగిలినదానిని చెరిసగము పంచుకొను షరతు చేర్చుకొనవలెను. అప్పుడు పొదుపు ఇరువురికిని లాభము.

3. ఒక లెక్క

ఒక రైతు 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు గల ఇల్లు కట్టదలచెను అనుకొందము. విస్తీర్ణము 1,200 చదరపు అడుగులు. సామానుతో చదరపు అడుగునకు 2,000 రూపాయల చొప్పున ఒప్పుకొనెను. (ఈ ధర లెక్క తెలియుటకు మాత్రమే, మీ ఊరి ధర వేరుగ నుండును.) మొత్తము 24,00,000 రూపాయలు. ఇంతవరకు సందేహము లేదు.

ఇంటి ముందు 40 అడుగుల పొడవున 3 అడుగుల బాల్కనీ కలదు. అది 120 చదరపు అడుగులు. మిద్దెపైన మెట్ల గది 10 అడుగులు, 8 అడుగులు. అది 80 చదరపు అడుగులు. ఈ 200 చదరపు అడుగులను పూర్తిగ లెక్కించినచో 4,00,000 రూపాయలు, సగముగ లెక్కించినచో 2,00,000 రూపాయలు, లెక్కింపకున్న ఏమియు లేదు. ధర విషయమున యాబది రూపాయలకై రెండు దినములు బేరమాడినవాడు, ఏది కొలుతురో వ్రాయించుకొనకపోయినచో నాలుగు లక్షల వివాదమును తెచ్చుకొన్నవాడగును. నీళ్ల తొట్టి, మరుగుదొడ్డి గుంట, ప్రహరీ, గేటు, కరెంటు తీగలు, రంగులు ఆ 2,000 రూపాయలలో చేరినవో లేవో కూడ ఇట్లే వ్రాయించుకొనవలెను.

ఇక పునాది. చుట్టు గోడల పొడవు 140 అడుగులు, నడిమి గోడలు 40 అడుగులు, మొత్తము 180 అడుగులు అనుకొందము. పునాది వెడల్పు 3 అడుగులు, లోతు 4 అడుగులని ప్లానులో నున్నది. త్రవ్వి చూడగా నల్లరేగడి యింకను క్రిందికి పోవుచున్నది, గట్టి నేలకు 6 అడుగులు పోవలసియున్నది. రేగడి నేల తడిసిన ఉబ్బును, ఎండిన బీటలువారును అని మనకు చెప్పవలసిన పని లేదు. ఆ కదలికయే గోడలను చీల్చును. అదనపు త్రవ్వకము 180 × 3 × 2 = 1,080 ఘనపుటడుగులు, దానికి తగిన కట్టుబడియు కావలెను. మొత్తపు గుత్తలో నున్న కంట్రాక్టరు ఇప్పుడేమి చేయును? అదనముగ అడుగును, లేదా నాలుగు అడుగులయొద్దనే ఆపి పునాది కప్పివేయును. రెండవది కంటికి కనబడదు. నాలుగైదు వానకాలముల పిమ్మట గోడ చెప్పును.

కావున రేగడి భూములలోను, చెరువు దిగువ నేలలలోను మిశ్రమ పద్ధతి మేలు. నేల క్రింది పనిని కొలతల గుత్తపైనను, నేలపైని పనిని మొత్తపు గుత్తపైనను ఒప్పగింపవలెను. భూమిలో ఏమున్నదో ఎవరికిని తెలియదు కావున దానిని కొలిచి ఇచ్చుట న్యాయము. పైన ఏమి కట్టవలెనో ప్లానులో తెలిసియున్నది కావున దానికి మొత్తము నిర్ణయించుట న్యాయము.

4. ఎవరికి ఏది తగును?

ఇంటివారు ఒకరు దినమంతయు పనియొద్ద నుండగలరా? సామాను బేరమాడి తెచ్చు ఓపిక కలదా? అట్లయిన కూలి గుత్త. లేనియెడల సామానుతో కూడిన గుత్త.

చేతి పైకము నిశ్చితమై, అంతకు మించి పుట్టదా? అట్లయిన మొత్తపు గుత్త. కాని ప్లాను ఖాయపరచి, తరువాత మార్చకుండ నిగ్రహముండవలెను.

ప్లాను ఇంకను మారునట్లున్నదా, లేక పాత ఇంటికి అతుకు పని యా? అట్లయిన కొలతల గుత్త.

ప్రభుత్వ సహాయముతో కట్టువారు ఆ సహాయము వచ్చు దశలను చూచుకొనవలెను. తెలంగాణములో 2024 లో ఆరంభమైన ఇందిరమ్మ ఇండ్ల పథకమున 5 లక్షల రూపాయల సహాయము పని దశలను బట్టి విడివిడిగా వచ్చును. కంట్రాక్టరుకు ఇచ్చు వాయిదాలు ఆ దశలకంటె ముందుండునట్లు ఒప్పుకొన్నవారు నడుమ వడ్డీ అప్పునకు పోవలసివచ్చును.

5. వాయిదాలు

ఇచ్చిన పైకము గోడకంటె ఎత్తునకు పోరాదు. ఇది వాయిదాల విషయమున ఒక్కటే సూత్రము. కంట్రాక్టరు పని విడిచి పోయినను, చేతిలో మిగిలిన పైకముతో మరియొకనిచే మిగిలిన పని పూర్తి చేయించుకొనగలిగియుండవలెను. పైని 24,00,000 రూపాయల ఇంటికి ఈ విధముగ పంచవచ్చును:

బయానా, నూటికి 5: 1,20,000
పునాది, బేసుమట్టము ముగిసిన పిమ్మట, నూటికి 20: 4,80,000
గోడలు లింటెలువరకు వచ్చిన పిమ్మట, నూటికి 20: 4,80,000
శ్లాబు పోసిన పిమ్మట, నూటికి 25: 6,00,000
గిలాబా, గచ్చు ముగిసిన పిమ్మట, నూటికి 15: 3,60,000
అన్ని పనులు ముగిసి ఇల్లు అప్పగించినప్పుడు, నూటికి 10: 2,40,000
ఒక వానకాలము గడచిన పిమ్మట, నూటికి 5: 1,20,000

కడపటి నూటికి అయిదు ముఖ్యమైనది. శ్లాబు కారునో కారదో వానయే చెప్పవలెను. ఈ నిలుపు మొత్తమును ముందుగనే ఒప్పందములో వ్రాయవలెను. ముందు చెప్పక చివర నిలిపివేయుట అన్యాయము. కంట్రాక్టరు కూడ కూలీలకు వారము వారము ఇచ్చుకొనువాడే. దశ ముగిసిన వారములోపల వాయిదా చెల్లించుట యజమానుని ధర్మము. పైకమందక పని ఆగినయెడల తప్పు అతనిది కాదు. ప్రతి వాయిదాకు రసీదు తీసికొనవలెను. బ్యాంకు ద్వారమున చెల్లించుట మరియు మేలు.

6. ఒప్పందములో నుండవలసినవి

నోటిమాట ఒప్పందము చట్టములో చెల్లును. కాని దానిని రుజువు చేయుట కష్టము. కావున స్టాంపు కాగితముపై ఇరువురి సంతకములు, ఇద్దరు సాక్షుల సంతకములు ఉండవలెను. ఈ క్రింది అంశములు విడువరాదు:

(1) ప్లాను ప్రతి, దానిపై ఇరువురి సంతకములు.

(2) సామాను జాబితా: సిమెంటు రకము, ఇనుప కడ్డీల లావు, ఇటుక రకము, తలుపుల కఱ్ఱ, గచ్చు రాళ్ల ధరల హద్దు. ఇనుమును తూకముతో సరిచూచుకొనవచ్చును. 12 మిల్లీమీటర్ల కడ్డీ మీటరునకు సుమారు 0.89 కిలోగ్రాములు, 8 మిల్లీమీటర్లది సుమారు 0.39 కిలోగ్రాములు తూగవలెను.

(3) కొలత విధము: బాల్కనీ, మెట్లగది, గోడల మందము చేరునో చేరవో.

(4) పన్ను: చెప్పిన ధరలో జీఎస్టీ చేరినదో లేదో.

(5) అదనపు పని: దానికి ముందుగ ధర వ్రాసి సంతకము చేసిన పిమ్మటనే పని. 1872 నాటి భారత ఒప్పందముల చట్టము 70 వ సెక్షను ప్రకారము, ఒకడు ఉచితముగ కాక మనకై చేసిన పనిని మనము అనుభవించినచో దానికి ప్రతిఫలమీయవలసియుండును. కావున మేస్త్రి తనంతట అరుగు పెంచుచుండగా చూచి ఊరకుండి, తరువాత నేను చెప్పలేదనుట పనికిరాదు.

(6) గడువు: పని ముగియు తేదీ, ఆలస్యమునకు పరిహారము. ఆ చట్టము 74 వ సెక్షను ప్రకారము న్యాయస్థానము వ్రాసిన మొత్తమునకు మించకుండ, సబబైన పరిహారము మాత్రమే ఇప్పించును. కావున దినమునకు పదివేలని బెదరించు అంకెను గాక, నిజముగ కలుగు నష్టమును, అనగా అద్దె ఇంటి బాడుగ వంటిదానిని, ఆధారముగ చేసికొనవలెను.

(7) తడుపుట, సెంట్రింగు: ఐ.ఎస్. 456 అను ప్రమాణము ప్రకారము సాధారణ సిమెంటు కాంక్రీటును కనీసము 7 దినములు, బూడిద కలిసిన మిశ్రమ సిమెంటయినను, ఎండ తీవ్రమైనను కనీసము 10 దినములు తడిగ నుంచవలెను. నాలుగున్నర మీటర్ల వరకు గల శ్లాబు క్రింది ఆధారములను 7 దినములు, అంతకు మించినచో 14 దినములు తీయరాదు. ఈ దినములను ఒప్పందములో వ్రాసినచో తొందరపాటునకు తావుండదు. నీరు పట్టు పని ఎవరిదో కూడ వ్రాయవలెను.

(8) పనిలో కూలీలకు ప్రమాదము కలిగిన బాధ్యత ఎవరిది, భీమా ఎవరు చేయింతురు.

(9) నడుమ పని విడిచినయెడల చేసిన పనిని ఎవరు కొలుతురు. ఇరువురును నమ్మిన ఇంజనీరు పేరు ముందుగనే వ్రాసికొనుట ఉత్తమము.

వివాదము కలిగినచో మొదట గ్రామ పెద్దలయెదుట కాగితము పెట్టి మాటలాడుట మేలు. అది కుదరనియెడల, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టములో గృహనిర్మాణము కూడ సేవగ చేర్చబడియున్నది కావున, జిల్లా వినియోగదారుల కమిషను నాశ్రయింపవచ్చును. వివాదకారణము కలిగిన రెండు సంవత్సరములలోపల ఫిర్యాదు చేయవలెను. చెల్లించిన ప్రతిఫలము 5 లక్షలకు మించని ఫిర్యాదులకు రుసుము లేదు. అక్కడ మన పక్షమున మాటలాడునవి ఒప్పందము, రసీదులు, దశదశకు తీసిన ఫోటోలు.

7. సంఘముగా చేయదగినది

కూలి గుత్తపై కట్టించు సభ్యులు ఒకే కాలమున నలుగురైదుగురు ఉన్నయెడల, సిమెంటును ఇనుమును కలిసి కొనినచో బేరము బలపడును, బాడుగ తగ్గును. కాని ఏడాదికి సరిపడ సిమెంటు ఒక్కమారు తెచ్చి నిలువ చేయరాదు. మూడు మాసములు దాటిన సిమెంటును పరీక్షింపక వాడరాదు. దశకు తగినంత తెచ్చి, నేలకు తగులకుండ చెక్కలపైన, గోడకు ఎడముగ పేర్చవలెను. మరియు సంఘ కార్యాలయములో ఒక నోటుబుక్కు ఉంచి, ఇల్లు కట్టించిన ప్రతి సభ్యుడును ఏ గుత్తపై, ఏ ధరకు, ఎన్ని మాసములలో ముగించెనో వ్రాసియుంచినచో, తరువాత కట్టువారికి అది ఏ పుస్తకమునకు తీసిపోని పాఠమగును. మంచి మేస్త్రులకును దానివలన పేరు వచ్చును.

సంఘ సమావేశములో చర్చకు ప్రశ్నలు

1. మన ఊరిలో గడచిన మూడు సంవత్సరములలో కట్టిన ఇండ్లు ఏ గుత్తలపై సాగినవి? వానిలో అనుకొన్న పైకమునకు ముగిసినవి ఎన్ని?

2. మన నేలలో గట్టి అడుగు ఎంత లోతున తగులును? బావులు త్రవ్వినవారి అనుభవమేమి?

3. మన ఊరి మేస్త్రులు చదరపు అడుగు లెక్కలో వేటిని చేర్చుచున్నారు, వేటిని విడుచుచున్నారు?

4. ఒప్పందపు నమూనా ఒకటి సంఘముననే అచ్చువేయించి సభ్యులకిచ్చిన, దానియందు పై తొమ్మిది అంశములతో పాటు మరి యేవి చేర్చవలెను?

5. నాట్లకాలములో పనియొద్ద నుండలేని సభ్యుని ఇంటిని, ఆ దినములలో తీరికగ నున్న మరియొక సభ్యుడు చూచుకొను ఏర్పాటు మనలో సాధ్యమా?